ముగ్గు పిండితో గీసిన నీడ: అనంతపురంలో ఒక క్యాంపస్ కేస్ స్టడీ

నేను ల్యాండ్‌స్కేప్ డిజైనర్‌ని. పదిహేనేళ్లుగా రాయలసీమలో స్కూళ్లకు, ఆసుపత్రులకు, లేఅవుట్లకు బయటి జాగాల ప్లాన్లు వేస్తున్నాను. ఇప్పుడు రాస్తున్నది అనంతపురం ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చేసిన పని గురించి. సంస్థ పేరు, సంవత్సరం, మనుషుల పేర్లు చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. నేను వేసిన మొదటి డిజైన్ ఇక్కడ పనికిరాకుండా పోయింది. ఆ తప్పునే ఈ ప్రాంతంలో చాలా చోట్ల కళ్లారా చూస్తున్నాను కాబట్టి దీన్ని దాచకుండా రాయాలనిపించింది.

నేపథ్యం

లైబ్రరీ, రెండు క్లాసుల బ్లాకులు, క్యాంటీన్, అమ్మాయిల హాస్టల్‌కు వెళ్లే రోడ్డు. వీటి మధ్య దాదాపు రెండున్నర ఎకరాల ఖాళీ జాగా ఉంది. ఎర్రటి గరుసు నేల. పైన అడుగున్నర, రెండడుగులు మట్టి ఉంటుంది, దాని కింద గట్టిగా పట్టేసిన మొరం, ఇంకా కిందికి పోతే రాయి. భవనాలు కట్టినప్పుడు తవ్విన మట్టి, పగిలిన ఇటుకలు, సిమెంటు పెళ్లలు అన్నీ ఇక్కడే పరిచి రోలర్ తోలారు. పైకి చదునుగా కనిపించేది కానీ గడ్డపార దిగేది కాదు.

అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పశ్చిమ కనుమల వెనక ఉండటం వల్ల నైరుతి మేఘాలు మన దగ్గరికి వచ్చేసరికి తేలిపోతాయి. జూన్, జూలైలో వానకన్నా గాలే ఎక్కువ. అసలు వాన సెప్టెంబరు, అక్టోబరులో పడుతుంది. ఇది ఇక్కడ ప్రతి రైతుకూ తెలిసిన సంగతి. నాకూ తెలుసు. అయినా ప్లాన్ వేసేటప్పుడు లెక్కలోకి తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో ముందు ముందు చెబుతాను.

వాళ్లు అడిగింది, అసలు అవసరం

నాకు ఇచ్చిన కాగితంలో మూడే మాటలు ఉన్నాయి. పచ్చదనం కనిపించాలి, పిల్లలు కూర్చునే ఏర్పాటు ఉండాలి, ఏడాదిలో న్యాక్ (విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే సంస్థ) బృందం వచ్చేసరికి పూర్తవ్వాలి.

అసలు సమస్య ఆ కాగితంలో లేదు. క్లాసుకూ క్లాసుకూ మధ్య పిల్లలు మెట్ల మీద, వరండాల్లో, బైకుల మీద కూర్చునేవాళ్లు. హాస్టల్లో ఉండే అమ్మాయిలు మధ్యాహ్నం గదులకు వెళ్లిపోయేవాళ్లు. రోజూ బస్సులో ఊళ్ల నుంచి వచ్చే అమ్మాయిలకు టిఫిన్ బాక్సు తెరిచి తినడానికి ఒక చోటంటూ లేదు. ఖాళీ క్లాసు దొరికితే అందులో, లేకపోతే మెట్ల కింద. ఈ సంగతి నాకు మొదటి మూడు నెలలూ ఎవరూ చెప్పలేదు. నేను అడిగిందే ఆఫీసులో వాళ్లను. వాళ్లకు తెలిసే వీలు లేదు.

మొదటి డిజైన్

లైబ్రరీ ముందు, అంటే పడమటి వైపు, 30 మీటర్ల వెడల్పున గుండ్రటి ప్లాజా వేశాను. చుట్టూ పాలిష్ పట్టిన గ్రానైట్ బెంచీలు, బెంచీల వెనక తురాయి చెట్ల వరుస, ఆ వెనక దాదాపు ఎకరం లాన్, దానికి స్ప్రింక్లర్లు.

అప్పుడు నా ఆలోచన ఇలా సాగింది. దారులన్నీ లైబ్రరీ దగ్గరే కలుస్తాయి, కాబట్టి మనుషులు ఆగేది అక్కడే. మెయిన్ గేటు నుంచి వచ్చేవాళ్లకు ముందుగా కనిపించేదీ అదే. నేల చదునుగా ఉంది, ఖర్చు తగ్గుతుంది. మూడు కారణాల్లోనూ తప్పు లేదు. కానీ ఈ ఆలోచనలో గడియారం ఎక్కడా లేదు. ఆ జాగా ఏ గంటకు ఎలా ఉంటుందన్న ప్రశ్నే నేను వేసుకోలేదు. కమిటీకి చూపించిన త్రీడీ బొమ్మలో సాయంకాలపు వెలుగు ఉంది, పదేళ్ల వయసున్న చెట్లు ఉన్నాయి. నాటబోయేది నాలుగడుగుల మొక్కలు. ఆ బొమ్మను వాళ్లకంటే ముందు నేనే నమ్మాను.

మొక్కలు నాటే రోజు కూడా నేను నిర్ణయించలేదు. జూలై మొదటి వారంలో వనమహోత్సవం, ముఖ్య అతిథి వస్తున్నారు, ఆరోజే నాటాలన్నారు. దేశంలో చాలా చోట్లకు ఆ తేదీ సరిపోతుంది. మన దగ్గర అది ఆషాఢం గాలి మొదలయ్యే వేళ. సెప్టెంబరుకు వాయిదా వేయమని గట్టిగా అడగాల్సింది. అడగలేదు. వానల లెక్క పక్కకు పోయింది ఇక్కడే. పైవాళ్లు చెప్పిన తేదీకి నా పనిని సర్దుకున్నాను.

ఒక్క విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. తొందరగా పచ్చగా కనిపిస్తుంది కదా, ప్రహరీ పొడవునా కోనోకార్పస్ పెట్టమన్నారు. దాని వేర్లు పైపుల్లోకి, డ్రైనేజీల్లోకి చొరబడతాయని, పుప్పొడి వల్ల ఎలర్జీలు వస్తాయని ఫిర్యాదులున్నాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. బదులుగా కానుగ పెట్టించాను. మేకలు పెద్దగా ముట్టవు, ఎండకు తట్టుకుంటుంది, నీడ చిక్కగా పడుతుంది.

ఏమైంది

జూలైలో గాలికి మొక్కలు పడమర నుంచి తూర్పుకు ఒరిగిపోయాయి. ఊతానికి ఒక్కో కర్ర కట్టారు, తాడు రాసుకుని బెరడు ఊడింది. నీరు నిలవడానికి పాదుల్లో శెనక్కాయ పొట్టు పోశాం, అది రెండు రోజుల్లో ఎగిరిపోయి కారిడార్లలో చేరింది. ఆగస్టులో వాన మొహం చాటేసింది. తురాయి మొక్కల్లో మూడో వంతు ఆ ఏడాదే పోయాయి. మిగిలిన వాటిలో ఒకటి బాగా ఎదిగింది, రెండేళ్ల తర్వాత అదీ గాలికి కొమ్మ విరిగింది. తురాయి కలప పెళుసు, వేర్లు పైపైనే పాకుతాయి. పూలు అందంగా ఉంటాయని, గాలి బాట మీద, మనుషులు కూర్చునే బెంచీ పక్కన పెట్టడం నాదే పొరపాటు.

లాన్ సంగతి లెక్క వేస్తే ముందే తేలిపోయేది. ఎండాకాలం లాన్‌కు చదరపు మీటరుకు రోజుకు కనీసం 5 లీటర్లు కావాలి. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, రోజుకు 20 వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. మార్చి నుంచి వంద రోజులకు 20 లక్షల లీటర్లు. మార్చి మధ్యలోనే బోరు ఆగి ఆగి పోయడం మొదలైంది. హాస్టల్లో స్నానాలకు నీళ్లు చాలని రోజున లాన్‌కు ట్యాంకర్ వస్తే పిల్లలు ఊరుకుంటారా? ఊరుకోకూడదు కూడా.

అప్పుడు ఎవరో ఒక ఉపాయం చెప్పారు. క్యాంపస్‌లో మంచినీళ్ల ఆర్వో ప్లాంటు ఉంది, దాని వృథా నీళ్లు కాలువలోకి పోతున్నాయి, వాటిని లాన్‌కు మళ్లిద్దామని. వినడానికి బాగుంది, నేనూ సరేనన్నాను. మూడు వారాల్లో గడ్డి కొసలు మాడినట్టు అయ్యాయి. నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. ఇక్కడి బోరు నీళ్లలోనే ఉప్పులు ఎక్కువ. ఆర్వో వదిలేసే నీళ్లలో అవి ఇంకా చిక్కబడి ఉంటాయి. ఎండాకాలం నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మట్టిలో మిగిలిపోతుంది. ఆ నీళ్లను ఇప్పుడు బాత్రూముల ఫ్లష్ ట్యాంకులకు మాత్రమే వాడుతున్నారు.

ఏప్రిల్‌లో ఒకరోజు మూడు గంటలకు గ్రానైట్ బెంచీ మీద థర్మామీటర్ పెట్టి చూశాను. 58 డిగ్రీలు. ఎండ దిగాక కూడా చాలాసేపు కూర్చోలేకపోయాను, ఎందుకంటే వెనక ఉన్న లైబ్రరీ పడమటి గోడ మధ్యాహ్నమంతా తాగిన వేడిని అప్పుడు కక్కుతోంది. ఆరింటికి చల్లబడుతుంది. ఆరింటికి బస్సులు వెళ్లిపోయి ఉంటాయి.

ఆడ ఎవురు కూచుంటారమ్మా

ప్లాజాలో నిలబడి ఫొటోలు తీస్తుంటే తోటమాలి దగ్గరికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, క్యాంపస్ కట్టినప్పటి నుంచి ఉన్నాడు.

“ఈ బండల మీద ఎవురు కూచుంటారమ్మా? కాలిపోతాంటే. పిల్లోల్లంతా ఆ క్యాంటీన్ ఎనకాల యాపచెట్ల కింద ఉండారు సూడుపో.”

“అది బైకుల పార్కింగ్ కదన్నా?”

“బైకులూ ఆడనే, పిల్లోల్లూ ఆడనే. నీడ యాడుంటే ఆడ.”

వెళ్లి చూశాను. క్యాంటీన్ వెనక పదకొండు వేపచెట్లు, రెండు చింతచెట్లు. భవనాలు రాకముందు అక్కడ ఉన్న పొలం గట్టు చెట్లు. నా ప్లాన్‌లో ఆ జాగా మీద ‘టూ వీలర్ పార్కింగ్’ అని రాసి ఉంది. పాత మాస్టర్ ప్లాన్‌లో అలా ఉంటే నేను అలాగే ఎత్తి రాసుకున్నాను. ఆ మధ్యాహ్నం అక్కడ బైకు సీట్ల మీద, ఇటుకల మీద, పరిచిన పేపర్ల మీద అరవై మందికి తక్కువ లేరు. ప్లాజాలో ముగ్గురున్నారు, ముగ్గురూ నడిచి వెళ్తున్నవాళ్లే.

అందులో అమ్మాయిలు ఎంతమంది అని చూస్తే ఆరుగురు. ఇది నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేసింది. నీడ దొరికినా వాళ్లు రావడం లేదంటే నీడ ఒక్కటే చాలదన్నమాట. లేడీ లెక్చరర్ ఒకరి సాయంతో హాస్టల్లో కూర్చుని రెండు సాయంత్రాలు మాట్లాడాను. ఎన్నో మాటలు వచ్చాయి కానీ ఒకమ్మాయి చెప్పింది నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను: “మేడమ్, ఆ రౌండ్ దగ్గర కూచుంటే నాలుగు పక్కల నుంచీ సూస్తాంటారు. మా ఎనకాల ఎవురుండారో మాకు తెలీదు.” ఇంకో అమ్మాయి దానికి అడ్డం చెప్పింది. చుట్టూ ఎత్తుగా కంచె పెట్టేస్తే అస్సలు రాము, సాయంత్రం ఏడైతే భయమేస్తుందని. చూపులకు ఎదురుగా ఉండకూడదు, చూపుకు అందకుండానూ ఉండకూడదు. తర్వాత వచ్చిన డిజైన్‌కు ఈ రెండు మాటలే కొలతలయ్యాయి.

ముగ్గు పిండి

రెండోసారి కంప్యూటర్ ముందు కూర్చోలేదు. పునాదులకు మార్కింగ్ వేయడానికి మేస్త్రీలు వాడే ముగ్గు పిండి ఒక బస్తా తెప్పించాను. మార్చి ఆఖర్లో ఒక రోజంతా ఎన్ఎస్ఎస్ పిల్లలు నలుగురితో కలిసి నీడల అంచుల వెంట గీతలు గీశాం. పదకొండింటికి ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి, నాలుగింటికి ఒకసారి. ఈ మూడు గంటలే ఎందుకంటే టీ విరామం, భోజనం, బస్సుకు ముందు మిగిలే సమయం అవే. మిగతా వేళల్లో పిల్లలు క్లాసుల్లో ఉంటారు, అప్పటి నీడతో మాకు పని లేదు. నెల తర్వాత మళ్లీ గీశాం, ఆగస్టులో మళ్లీ.

రెండు సంగతులు బయటపడ్డాయి.

ఒకటి, లైబ్రరీకి తూర్పు వైపు. అది వెనక భాగం, ఏసీ యూనిట్లు, విరిగిన కుర్చీలు ఉండే చోటు. మార్చి ఆఖర్లో సాయంత్రం నాలుగింటికి 12 మీటర్ల ఎత్తున్న ఆ భవనం నీడ తూర్పుకు దాదాపు 16 మీటర్లు పరుచుకుంది. పైగా మధ్యాహ్నం గాలిని కూడా భవనమే ఆపుతోంది. నేను పడమర వైపు లక్షలు పోసి తయారు చేయాలనుకున్న చల్లదనాన్ని ఆ గోడ తూర్పు వైపు ఊరికే ఇస్తోంది.

రెండోది నన్ను నేను సరిచేసుకోవాల్సిన విషయం. ఉత్తరం వైపు ఎప్పుడూ నీడే ఉంటుందని చదువుకున్నాం, అలాగే పాటిస్తున్నాం. అనంతపురం ఉన్నది దాదాపు 14.7 డిగ్రీల అక్షాంశం దగ్గర. ఏప్రిల్ ఆఖర్లో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య కాలమంతా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. అంటే మండు వేసవిలో ఉత్తరపు గోడకూ ఎండ తగులుతుంది, భవనం చుట్టూ ఎక్కడా నీడ ఉండదు. అదీ గడియారంలో 12కు కాదు, మన దగ్గర 12.20 ప్రాంతంలో. దాదాపు పిల్లలు బాక్సులు తెరిచే వేళ. ఆ పూట మనుషులను కాపాడేది తల మీద కప్పు ఒక్కటే. చెట్టు కానీ, పందిరి కానీ.

దీన్ని బట్టి నిర్ణయం తేలిగ్గా తేలింది. మధ్యాహ్నపు జాగా వేపల కింద. సాయంత్రపు జాగా లైబ్రరీ వెనక. ఒకే ప్లాజాలో రోజంతా అందరూ కూర్చుంటారన్న ఆలోచన వదిలేయాలి.

తిరగేయడం

బైకులను వేపల కింద నుంచి లేపి ప్లాజా దక్షిణపు సగంలోకి మార్చాలని ప్రతిపాదించాను. కమిటీలో పెద్ద గొడవే జరిగింది. కొత్తగా వేసిన గ్రానైట్ మీద బైకులా, లైబ్రరీ ముందు పార్కింగా అన్నారు. వాళ్ల కోపం న్యాయమే, ఆ ఖర్చు పెట్టించింది నేనే. నేను చెప్పింది ఇదొక్కటే. బైకు ఎండలో నిలబడగలదు, మనిషి కూర్చోలేడు. ఉన్న కొద్దిపాటి నీడలో మనం ఇప్పుడు బైకులను కూర్చోబెట్టాం.

ఆ మీటింగ్‌లో చరిత్ర విభాగం అధ్యాపకులొకరు కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం సంగతి ఎత్తారు. 1369 నాటి శాసనం. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించారు. కట్టాలంటే ముందు ఏమేం చూడాలో ఆరున్నర శతాబ్దాల కిందటే రాయి మీద రాసి పెట్టిన సీమ ఇది, మనం గాలీ ఎండా చూడకుండా కట్టేశాం అని ఆయన అన్నారు. దాంతో మాట తీరు మారింది. లైబ్రరీ గుమ్మానికి ఎదురుగా ఉన్న సగం ఖాళీగా ఉంచి, పార్కింగ్ కనబడకుండా మధ్యలో తంగేడు వరుస పెట్టాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. బైకుల వరుసల మధ్య బండలు లేపి కానుగ మొక్కలకు గుంతలు తీయించాం.

వేపచెట్టు నేర్పింది

ఇక్కడ కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఇలాంటి చావులు ఊరూరా జరుగుతున్నాయి.

వేపల కింద కూర్చోవడానికి చెట్టు చుట్టూ కట్ట అనుకున్నాం, ఊళ్లో రచ్చకట్ట లాగా. డ్రాయింగ్‌లో కట్ట గోడ చూపించాను, లోపల నేల ఎత్తు పెంచొద్దని మాత్రం ఎక్కడా రాయలేదు. కాంట్రాక్టరు మొదటి చెట్టుకు మొదలు చుట్టూ గోడ కట్టి, లోపల రెండడుగులు మట్టి నింపి, పైన బండలు పరిచి సిమెంటు పూశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, పిల్లలు మొదటి రోజే ఎక్కి కూర్చున్నారు.

ఆ తర్వాతి మార్చిలో ఆ చెట్టు చిగుర్లు చిన్నగా, పాలిపోయి వచ్చాయి. ఏప్రిల్‌కు ఒక వైపు కొమ్మలు ఎండాయి. అందరూ వేప తెగులే అన్నారు. కొన్నేళ్లుగా తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్ల కొమ్మలు కొసల నుంచి మాడిపోతున్న తెగులు అందరూ చూసిందే, శిలీంధ్రంతో వచ్చేది. మందు కొట్టిద్దామన్నారు. నేను రెండు కారణాలతో ఆగాను. తెగులైతే ఎక్కువగా వానల తర్వాత, చెట్టంతా కొసలు మాడుతూ కనబడుతుంది, ఇది ఎండల్లో ఒక పక్క నుంచి మొదలైంది. రెండోది, పక్కనే ఉన్న మిగతా పది చెట్లు ఆకుపచ్చగా ఉన్నాయి. ఎండిన పక్క ఏదో చూస్తే, మట్టి ఎక్కువ లోతు నింపిన పక్కే.

చెట్టు నీళ్లు తాగే సన్న వేర్లు చాలావరకు పై అడుగు, అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. వాటికి నీళ్లతో పాటు గాలి కావాలి. వాటి మీద రెండడుగుల మట్టి, ఆ మీద సిమెంటు వేస్తే ఊపిరి ఆగిపోతుంది. మొదలు చుట్టూ మట్టి తడిగా ఉంటే బెరడు కూడా కుళ్లుతుంది. పాత రచ్చకట్టల కింద చెట్లు బతికాయి కదా అని అడుగుతారు. చాలా కట్టలు చెట్టు చిన్నగా ఉన్నప్పుడే కట్టినవి, చెట్టు ఆ ఎత్తుకు తగ్గట్టు పెరిగింది. మట్టి, రాయి తప్ప సిమెంటు ఉండేది కాదు. ముప్పై ఏళ్ల చెట్టుకు ఒక్క రోజులో మెడ దాకా మట్టి పోయడం వేరే సంగతి.

సిమెంటు పగలగొట్టించి, మట్టి మొత్తం చేతి పారలతో తీయించాం. జేసీబీ రానివ్వలేదు. పాత నేల మట్టం తగిలేదాకా వెళ్లి, రెండు పెద్ద ఎండు కొమ్మలు కోయించి, ఆకుల చెత్త పరిచాం. రెండో ఏడాది చెట్టు తిరిగి చిగురించింది, ఒక పక్క కొమ్మలు పోయిన ఖాళీ మాత్రం ఇప్పటికీ పూడలేదు. మిగతా చెట్లకు గోడలే కట్టలేదు. మొదలుకు రెండు మీటర్ల దూరంలో, పునాది తవ్వకుండా రాతి దిమ్మెలు నిలబెట్టి, వాటి మీద పాలిష్ లేని తాడిపత్రి బండలు పరిచాం. వేరు అడ్డం వస్తే దిమ్మెను జరిపాం, వేరును నరకలేదు. నల్ల కడప బండ పెట్టమన్నారు, అందంగా ఉంటుంది నిజమే కానీ ఆకుల సందుల్లోంచి ఎండ పడ్డ చోటల్లా కాలుతుంది.

లైబ్రరీ వెనక

ఇది చకచకా అయిపోయింది. ఏసీ యూనిట్లు గోడ మీదికి ఎక్కించారు, విరిగిన కుర్చీలు వేలం వేశారు. గోడకు ఆనించి పొడవాటి అరుగు కట్టాం, ఊళ్లో ఇంటి ముందు ఉండేలాంటిదే, అడుగున్నర ఎత్తు. కూర్చున్నవాళ్ల వీపు వెనక గోడ ఉంటుంది, ఎదురుగా హాస్టల్ రోడ్డు కనబడుతుంది. అరుగుకూ రోడ్డుకూ మధ్య గోరింట కంచె, మూడడుగులకు మించకుండా కత్తిరించాలని మెయింటెనెన్స్ కాగితంలో రాయించాం. కూర్చున్న మనిషి సగం కనబడుతుంది, నిలబడితే పూర్తిగా కనబడుతుంది. లైట్లు రోడ్డు వైపు కాకుండా అరుగు వైపు తిప్పాం. గోరింట ఎందుకంటే నీళ్లు అడగదు, ఎంత కోసినా చిగురిస్తుంది. ఆషాఢంలో అమ్మాయిలే కోసుకుపోతారు, తోటమాలికి ఆ నెల కత్తెర పని ఉండదు.

నీళ్ల లెక్క మళ్లీ

ఎకరం లాన్ తీసేశాం. హాస్టల్ దారి పక్కన 400 చదరపు మీటర్లు మాత్రం గరిక ఉంచాం, సాయంత్రం కింద కూర్చునేవాళ్ల కోసం. అది వేసవిలో పసుపు రంగుకు తిరుగుతుందని, వానకు మళ్లీ లేస్తుందని, దానికి ట్యాంకర్ తెప్పించొద్దని రాతపూర్వకంగా ఇచ్చాను.

లైబ్రరీ పైకప్పు 1,200 చదరపు మీటర్లు. మిల్లీమీటరు వాన పడితే చదరపు మీటరుకు లీటరు. 550 మిల్లీమీటర్లకు 6.6 లక్షల లీటర్లు, అందులో ఐదో వంతు పోయినా 5 లక్షల పైచిలుకు. పాత లాన్‌కైతే ఇది 26 రోజులకు సరిపోయేది. అదే 120 చెట్టు మొక్కలకు వారానికి రెండుసార్లు 20 లీటర్లు పోస్తే వారానికి 4,800 లీటర్లు, ఒక్క ట్యాంకర్ కూడా కాదు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపించాక లాన్ గురించి ఇంకెవరూ మాట్లాడలేదు.

పైకప్పు నీళ్లను ట్యాంకుల్లో నింపలేదు. అంత పెద్ద ట్యాంకుకు డబ్బు లేదు. పైపుల నుంచి వచ్చే నీటిని మొదట ఒండ్రు ఆగే చిన్న తొట్టెలోకి, అక్కడి నుంచి చెట్ల వరుసల వెంట తవ్విన అడుగున్నర లోతు కందకాల్లోకి వదిలాం. మిగిలింది చివర ఇంకుడు గుంతలోకి పోతుంది. నీళ్లు నిలవాల్సింది ట్యాంకులో కాదు, వేరు దగ్గర మట్టిలో. రోలర్ తొక్కిన నేల కాబట్టి ప్రతి గుంతనూ ముందు నీళ్లతో నింపి చూశాం. మర్నాటికీ నీళ్లు నిలిచి ఉంటే అది గుంత కాదు, కుండ. అందులో మొక్క కుళ్లుతుంది. అలాంటి చోట అడుగున మొరం పొరను గునపంతో పగలగొట్టి మళ్లీ పరీక్షించాం. ఈ పని బిల్లులో కనబడదు, అందుకే ఎవరూ చేయరు.

రెండోసారి నాటింది సెప్టెంబరు మొదటి వారంలో. వానల్లో వేరు పట్టుకుంటే ఎండలు రావడానికి ఐదారు నెలల గడువు దొరుకుతుంది. కానుగ, వేప, నేరేడు, పొగడ, కందకాల పక్కన మద్ది. ఒకే జాతి పెడితే ఒక తెగులుతో అన్నీ పోతాయని వేప ఎక్కువ పెట్టలేదు. ఊతానికి మొక్కకు రెండు కర్రలు, మధ్యలో పాత సైకిల్ ట్యూబు ముక్క. శెనక్కాయ పొట్టు మళ్లీ వేశాం, ఈసారి పైన గులకరాళ్లు పరిచి.

తోటమాలి చెప్పిన ఉపాయం ఒకటి బాగా పనిచేసింది. మొక్క పక్కన మట్టి కుండ మెడ దాకా పాతి, నింపి మూత పెట్టడం. నీరు నెమ్మదిగా ఊరి వేరుకు అందుతుంది, ఆవిరికి పోయేది తక్కువ. అయితే ఇక్కడి ఉప్పు నీళ్లకు రెండు వేసవుల్లోనే కుండ రంధ్రాలు మూసుకుపోయాయి. అప్పటికి చాలా మొక్కలకు వేరు దిగింది కాబట్టి నష్టం జరగలేదు. మూడో ఏడాది కూడా కుండలే చాలనుకున్న చోట కొన్ని నేరేడు మొక్కలు పోగొట్టుకున్నాం.

ఇప్పుడు నేను చేసేది

కొత్త సైట్ ఏదైనా సరే, వేసవిలో ఒకరోజు ముగ్గు గీతలు గీయకుండా ప్లాన్ మొదలుపెట్టను. క్లయింటుకు తొందర ఉంటే ఆ ఒక్కరోజూ అడిగి తీసుకుంటాను. త్రీడీ బొమ్మలు రెండు ఇస్తాను, నాటిన ఏడాదికి ఎలా ఉంటుందో ఒకటి, పదేళ్లకు ఎలా ఉంటుందో ఒకటి. ఆ మధ్య కాలానికి వెదురు, తాటాకు పందిరి ఖర్చు అంచనాలోనే పెడతాను. ఈ క్యాంపస్‌లోనూ కానుగలు ఎదిగేదాకా అరుగు చివర ఒక పందిరి వేశాం. వేసవిలో అదే చలివేంద్రం అయింది, నాలుగు కుండలు, ఒక బల్ల. నీళ్లున్న చోటికి మనుషులు వచ్చారు, వచ్చినవాళ్లు ఆగారు.

పాత చెట్టు ఉంటే దాని నేల మట్టం అంకె డ్రాయింగ్‌లో ఎర్ర అక్షరాలతో వేస్తాను, దాని మీద పిడికెడు మట్టి కూడా పోయకూడదని తెలుగులో రాస్తాను. ఇంగ్లీషులో రాసిన నోట్ మేస్త్రీ దాకా చేరదు.

హాస్టల్‌కు, క్యాంటీన్‌కు మధ్య పిల్లలు అడ్డంగా తొక్కి వేసుకున్న కాలిబాటను నేను మొదట కంచె వేసి మూశాను. కంచె మూడుసార్లు తెగింది. తర్వాత అదే బాట మీద బండలు, మధ్య సందుల్లో గరిక వేయించాను.

కిందటి మార్చిలో మళ్లీ వెళ్లాను. మధ్యాహ్నం వేపల కింద బండలు నిండిపోయి ఉన్నాయి. బాక్సులు తెరిచి కూర్చున్న అమ్మాయిలు ఒక చెట్టు మొత్తం ఆక్రమించుకున్నారు. ప్లాజాలో కానుగలు ఇంకా బైకు హ్యాండిల్ ఎత్తే ఉన్నాయి, ఇంకో నాలుగేళ్లు పడుతుంది. లైబ్రరీ వెనక గోరింట భుజాల దాకా పెరిగిపోయింది, మెయింటెనెన్స్ కాంట్రాక్టు మారాక మూడడుగుల సంగతి కొత్తవాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇంజనీరింగ్ సెక్షన్‌కు వెళ్లి పాత కాగితం వెతికించి మళ్లీ ఇచ్చాను. తోటమాలి కత్తెర తెచ్చాడు. మొదటి పది మీటర్లు నేను అక్కడ ఉండగానే కోసేశాడు.